మైలాపూరులో రెండు ఇళ్లు: శ్రీబాగ్, సాంబమూర్తి గృహం

ఆంధ్ర రాష్ట్రావతరణ చరిత్రను రచించిన వారు సాధారణంగా సభలను, తీర్మానాలను, విచారణ సంఘాల నివేదికలను వరుసగా పేర్కొంటారు. 1913 నాటి బాపట్ల మహాసభ మొదలుకొని 1953 అక్టోబరు 1 నాటి కర్నూలు ప్రారంభోత్సవం వరకు సాగిన ఆ నలభై సంవత్సరాల ప్రస్థానంలో రెండు ఇళ్ల ప్రసక్తి కూడా తప్పక వస్తుంది. ఆ రెండూ ఆంధ్రదేశంలోని ఇళ్లు కావు. మద్రాసు మహానగరంలో, మైలాపూరులో, ఒకదానికొకటి అట్టే దూరం లేని ఇళ్లు. ఒకటి లజ్ చర్చి రోడ్డులోని శ్రీబాగ్, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి నివాసం. రెండవది రాయపేట హైరోడ్డులో 126వ నంబరు గల బులుసు సాంబమూర్తి గారి గృహం. మొదటి ఇంట 1937 నవంబరు 16న ఒక ఒడంబడికపై సంతకాలు జరిగాయి. రెండవ ఇంట 1952 డిసెంబరు 15 రాత్రి ఒక మహనీయుని ప్రాణం పోయింది.

విశేషమేమంటే, మొదటి ఇంటిలో కుదిరిన ఒడంబడికకు సంతకాలు చేసిన నాయకుల పేర్లేవీ నిలువలేదు. ఇంటి పేరే నిలిచింది. నేటికీ అది శ్రీబాగ్ ఒడంబడికే. రెండవ ఇంటికి ఆశ్రయమిచ్చిన గృహస్థు పేరు క్రమంగా మరుగున పడి, అతిథి పేరు స్థిరపడింది. నేడది అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం. ఒక ఇల్లు తన పేరును చరిత్రకు ఇచ్చింది. మరొక ఇల్లు తన పేరును చరిత్రకోసం వదులుకొన్నది.

ఆ కాలపు మైలాపూరు స్వరూపాన్ని కొంత తెలుసుకోవలసి ఉంది. 1516లో పోర్చుగీసువారు కట్టిన దేవాలయం వల్ల లజ్ అనే పేరు ఆ ప్రాంతానికి వచ్చింది. అటు కపాలీశ్వరుని కోవెల, ఇటు లజ్ చర్చి, నడుమ విశాలమైన తోటలు. కంపెనీ కాలంలో కోట గోడల లోపలి ఇరుకును భరించలేని దొరలు నగరం వెలుపల కట్టుకొన్న తోట బంగళాలు కాలక్రమాన భారతీయుల చేతికి వచ్చాయి. హైకోర్టు వకీళ్లు, న్యాయమూర్తులు, జమీందారులు, పత్రికాధిపతులు వాటిలో నివాసమేర్పరచుకొన్నారు. వీధినుండి లోనికి పోతే చెట్ల నడుమ బండి దారి, ముందు స్తంభాల వసారా, ఎత్తయిన గదులు, టేకు దూలాలపై చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో పేర్చి సున్నంతో బిగించిన మిద్దె. దీనినే మద్రాసు టెర్రస్ అంటారు. గుల్లసున్నాన్ని నూరి, కోడిగ్రుడ్డు తెల్లసొన వంటివి కలిపి, చలువరాయివలె నునుపుదేలేటట్లు గోడలకు మెరుగు పెట్టడం మద్రాసు తాపీపనివారి ప్రత్యేకత. ఉక్కపోతకు ఇంతకంటె మేలైన ఇల్లు ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే చెప్పాలి.

ఈ ఇళ్ల పేర్లలో తరచు వినవచ్చే 'బాగ్' అనే మాట పారసీకం. తోట అని అర్థం. అదే లజ్ చర్చి రోడ్డులో 1926 గౌహతి కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన ఎస్. శ్రీనివాస అయ్యంగారి భవనం పేరు అంజద్ బాగ్. మహాత్మా గాంధీకి అక్కడ ఆతిథ్యం లభించింది. పారసీకపు తోటకు సంస్కృతపు శ్రీకారం చేర్చగా శ్రీబాగ్ అయినది. ఈ కలగూర పేరు మద్రాసు స్వభావానికి తగినదే. ఆ నగరంలో ఏ భాషవారూ మరొక భాషను పూర్తిగా బయట నిలిపి తలుపు వేసికొన్నది లేదు.

తెలుగువారికి మద్రాసుతో గల సంబంధం ఉద్యోగరీత్యా వచ్చినది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఆ నేలను ఇచ్చినవారు చంద్రగిరి రాయల సామంతులైన దామర్ల నాయకులు. చెన్నపట్నం అనే పేరు దామర్ల చెన్నప్ప నాయకుని వల్ల వచ్చిందని ప్రసిద్ధి. విశాఖ మండలం నుండి నెల్లూరు వరకు, ఇటు కడప, కర్నూలు, అనంతపురం మండలాలకు కూడా రాజధాని, న్యాయస్థానం, విశ్వవిద్యాలయం అన్నీ అక్కడే. తెలుగు అచ్చుకూటాలు, నిఘంటువులు, పత్రికలు, ఆ తరువాత చలనచిత్రాలు అక్కడే పుట్టాయి. కనుక 1937లో మైలాపూరులో ఒక ఇంట కూర్చొని ఆంధ్రరాష్ట్రం గురించి మాట్లాడుకొన్నవారికి తాము పరాయి ఊరిలో ఉన్నామనే భావన లేదు. పదహారు సంవత్సరాల తరువాత ఆ భావన తప్పనిసరి కాగలదని వారిలో ఎందరు ఊహించి ఉంటారు?

శ్రీబాగ్ అధిపతి నాగేశ్వరరావు పంతులు గారు కృష్ణా మండలంలోని ఎలకుర్రు గ్రామంలో 1867లో జన్మించారు. బందరులో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, వ్యాపారం నిమిత్తం బొంబాయి చేరి 1893లో అమృతాంజనాన్ని ప్రవేశపెట్టారు. సంగీత సభలలో శ్రోతలకు ఆ పసుపుపచ్చని లేపనాన్ని ఉచితంగా పంచి ప్రచారం చేసిన తీరు అందరికీ తెలిసిన కథే. తలనొప్పిని పోగొట్టి గడించిన ధనంతో ఆయన తెలుగు పత్రికలనే తలనొప్పిని కొనితెచ్చుకొన్నారని చమత్కరించవచ్చు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914 ఏప్రిల్ 1న అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వెలువడింది. తెలుగు సాహిత్య విమర్శకు, చారిత్రక పరిశోధనకు భారతి పుటలు ఎంతటి ఆధారమో సాహిత్యవేత్తలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1926లో ఆంధ్ర గ్రంథమాల ఆరంభమై, మంచి గ్రంథాలను తక్కువ వెలకు పాఠకులకు అందజేసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో అకాల మరణం చెందగా ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని 1930లలో తిరిగి తలకెత్తుకొన్నవారు కూడా పంతులు గారే.

పత్రిక కార్యాలయం జార్జిటౌనులోని తంబుచెట్టి వీధిలో, నివాసం మైలాపూరులో. పగలు తంబుచెట్టి వీధిలో సాగిన చర్చ సాయంకాలానికి శ్రీబాగ్ చేరేది. ఆంధ్రదేశం నుండి కాంగ్రెసు పనిమీద, కోర్టు పనిమీద, పుస్తకం అచ్చువేయించుకొనే పనిమీద మద్రాసు వచ్చినవారికి ఆ ఇంటి తలుపు తెరిచి ఉండేది. దానశీలాన్నిబట్టి ఆయనను విశ్వదాత అన్నారు. దేశోద్ధారక బిరుదం ప్రజలిచ్చినది. 1924 నుండి 1934 వరకు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించి, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్య రచించారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ గౌరవం ఇచ్చింది.

ఇటువంటి ఇల్లు కనుకనే 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఉభయులూ సంకోచం లేకుండా వచ్చి కూర్చోగలిగారు. ఎందుకనగా ఉభయుల నడుమ అప్పటికి అపనమ్మకం బలంగానే ఉన్నది. 1800లో నిజాము కంపెనీవారికి అప్పగించినందువల్ల బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప సీమకు దత్త మండలాలనే పేరు వచ్చింది. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు సూచించేవరకు ఆ అవమానకరమైన పేరే వాడుకలో ఉండేది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట వల్ల పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగం నుండి డెల్టా మండలాలలో పంట, దానితో చదువు, దానితో ఉద్యోగాలు, దానితో పలుకుబడి పెరిగాయి. రాయలసీమకు కరవు మిగిలింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానిని అనంతపురంలో స్థాపించాలన్న కోరిక నెగ్గలేదు. దత్త మండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి. మద్రాసు పెత్తనం పోయి డెల్టా పెత్తనం వస్తే తమకు ఒరిగేదేమిటని సీమ నాయకులు అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. ఆంధ్రోద్యమ చరిత్రకారులలో కొందరు దీనిని ఐకమత్యానికి అడ్డుపడిన సంకుచితత్వంగా చిత్రించారు. నీటిచుక్కకు ముఖం వాచిన సీమవారు రాష్ట్రం రాకముందే నీటి లెక్క అడగడాన్ని సంకుచితత్వమనడం న్యాయం కాదు.

1937 అక్టోబరులో బెజవాడలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవాలలో ఈ విషయం తేటతెల్లమై, ఉభయ ప్రాంతాల ప్రముఖులతో ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘమే నవంబరు 16న శ్రీబాగ్‌లో సమావేశమై ఒడంబడికకు వచ్చింది. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు ఒకవైపు, కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య మరొకవైపు ఉన్న ఆ గోష్ఠిలో కుదిరిన షరతులు కొద్దివే. వాల్తేరులో విశ్వవిద్యాలయం ఉంటుంది. అనంతపురంలో మరొక విశ్వవిద్యాలయ కేంద్రం వెలయాలి. కృష్ణ, తుంగభద్ర, పెన్న జలాల వినియోగంలో పది సంవత్సరాలపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, రాయలసీమకు, నెల్లూరు మండలానికి ప్రాధాన్యం ఇవ్వాలి. శాసనసభలో సామాన్య స్థానాలను మండలాలవారీగా సమంగా పంచాలి. రాజధాని ఒకచోట, హైకోర్టు మరొకచోట ఉండాలి. రెండింటిలో ఏది కావాలో ఎంచుకొనే హక్కు రాయలసీమది.

దీనికి శాసనబలం లేదు. ముద్ర లేదు. రాజకీయ నాయకులు ఒకరికొకరు ఇచ్చుకొన్న మాట మాత్రమే. ఆ మాటకు సాక్షిగా నిలిచిన గృహస్థు డెబ్బయ్యవ ఏట ఉన్నారు. అయిదు నెలలు తిరగకముందే, 1938 ఏప్రిల్ 11న, నాగేశ్వరరావు పంతులు గారు దివంగతులయ్యారు. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల భారం వహించారు. ఆంధ్రపత్రిక, భారతి 1991 వరకు నిలిచాయి. లజ్ చర్చి రోడ్డుమీది ఉద్యానవనం పంతులు గారి పేరుతో నేటికీ ఉన్నది. పొద్దున నడకకు వచ్చే వృద్ధులు దానిని నాగేశ్వరరావు పార్కు అంటారు.

అదే 1937లో మద్రాసు శాసనసభకు స్పీకరైన వారు బులుసు సాంబమూర్తి గారు. తూర్పు గోదావరి మండలంలోని దుళ్ల గ్రామంలో 1886లో జన్మించి, కాకినాడలో న్యాయవాదిగా పేరు, ధనం గడించి, సహాయ నిరాకరణోద్యమంలో వృత్తిని విడిచిపెట్టారు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ నిర్వహణ భారం ప్రధానంగా ఆయనపైనే ఉన్నది. సభకు కొద్ది రోజుల ముందే ఆయన ఏకైక కుమారుడు మరణించాడు. దుఃఖాన్ని దిగమ్రింగి సభను నడిపించారు. ఇల్లు తనదే అయినా ఇంట్లో జరిగేది దేశపు పని అనే ఆయన వైఖరి అక్కడినుండి మొదలయిందని భావించవచ్చు. చొక్కా తొడగక, ఉత్తరీయం మాత్రమే వేసుకొని స్పీకరు పీఠంమీద కూర్చొన్న ఆయనను చూచి దొరలు విస్తుపోయారు. ప్రజలు మహర్షి అన్నారు. 1938 మార్చిలో ఆంధ్రరాష్ట్ర నిర్మాణాన్ని కోరుతూ మద్రాసు శాసనసభ తీర్మానించినపుడు స్పీకరు ఆయనే. ఆ తీర్మానాన్ని బ్రిటిషు ప్రభుత్వం అంగీకరించలేదు. 1942లో ఆయన పదవిని వదలుకొన్నారు.

స్వాతంత్ర్యానంతరం కథ మలుపు తిరిగింది. 1948 నాటి ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు ఇప్పట్లో కూడదన్నది. నెహ్రూ, పటేలు, పట్టాభి సీతారామయ్యల త్రిసభ్య సంఘం 1949 ఏప్రిల్‌లో, మద్రాసు నగరంపై ఆశ వదలుకొంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చునన్నది. శ్రీబాగ్‌లో కూర్చొన్నవారిలో ఒకరైన పట్టాభి గారే ఈ నివేదికపై సంతకం చేయవలసి రావడం చరిత్ర చేసే ఎకసక్కెం. ప్రకాశం పంతులు గారు మాత్రం నగరాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. న్యాయవాద వృత్తిలో గడించిన యావదాస్తినీ స్వరాజ్య పత్రికకు ఆహుతి చేసి, తన ఇళ్లన్నిటినీ పోగొట్టుకొన్న ఆ వృద్ధుడు ఊరిని పోగొట్టుకోవడానికి సిద్ధపడలేదు. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం ప్రారంభించిన నిరశన వ్రతం 35 రోజులు సాగి, వినోబా భావే అభ్యర్థనపై విరమించబడింది. ప్రభుత్వం కదలలేదు.

అట్టి దశలో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు పూనుకొన్నారు. 1901 మార్చి 16న మద్రాసు జార్జిటౌనులోని అన్నాపిళ్లై వీధిలో పుట్టిన ఆయన ఆ నగరపు బిడ్డ. బొంబాయిలో పారిశుధ్య ఇంజనీరింగు చదివి, రైల్వేలో ఉద్యోగం చేసి, భార్యావియోగం తరువాత సబర్మతి ఆశ్రమం చేరారు. హరిజనులకు దేవాలయ ప్రవేశం కోసం నెల్లూరులో అదివరకే నిరాహారదీక్షలు చేసినవారు. చెప్పులు లేక, గొడుగు లేక, అట్టపై నినాదాలు వ్రాసి మెడలో వేసుకొని నెల్లూరు వీధులలో తిరిగే ఆయనను పిచ్చివాడన్నవారూ ఉన్నారు. అటువంటి మనిషి పట్టుదలతో దీక్షకు కూర్చొంటే పర్యవసానం ఏమిటో గాంధేయులకు తెలుసు. రాష్ట్రంలో ఉన్నది కాంగ్రెసు ప్రభుత్వం. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గారు. కాంగ్రెసు నాయకులు ఆ దీక్షకు దూరంగా ఉండిపోయారు. అప్పుడు తలుపు తెరిచినది సాంబమూర్తి గారు.

1952 అక్టోబరు 19న రాయపేట హైరోడ్డు గృహంలో దీక్ష మొదలయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు కావాలి, మద్రాసు నగరం విషయంలో ఆంధ్రులకు న్యాయం జరగాలి, ఇదే కోరిక. మొదటి వారాలలో పెద్ద సంచలనం లేదు. సీతారాం దీక్షవలె ఇదీ ముగుస్తుందని పలువురు అనుకొన్నారు. నవంబరు గడచి డిసెంబరు వచ్చేసరికి ఆంధ్రదేశం కళ్లు ఆ ఇంటి మీదనే నిలిచాయి. గదిలో మనిషి క్షీణిస్తున్నాడు. వాకిట జనం పెరుగుతున్నారు. ఢిల్లీ నుండి కబురు లేదు. తన ఇంట ఒక మనిషి దినదినం మృత్యువుకు దగ్గరవుతుంటే గృహస్థుగా దానిని చూడడం ఎటువంటి పరీక్షో ఊహించవలసినదే. అతిథికి అన్నం పెట్టడం మన ఇళ్ల ధర్మం. సాంబమూర్తి గారి ఇంట అతిథి అన్నం ముట్టకుండా ఉండడానికి వచ్చాడు. ఇచ్చిన మాట నిలుపుకోవడం అంటే ఆ అన్నం పెట్టకుండా ఉండగలగడం. పురాణాలలో కూడా ఇటువంటి ఆతిథ్యం అరుదు.

యాభై ఎనిమిదవ రోజున, డిసెంబరు 15 రాత్రి, శ్రీరాములు గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. ఆ రాత్రి నుండి ఆ ఇల్లు ఒక వ్యక్తి ఇల్లు కాకుండా పోయింది. ప్రకాశం గారు వచ్చారు. గాయకుడు ఘంటసాల వచ్చి అంతిమయాత్రలో పాడారు. నెల్లూరు మొదలుకొని ఉత్తరాన అనకాపల్లి దాకా రైళ్లు ఆగాయి, కార్యాలయాలు దగ్ధమయ్యాయి, పోలీసు కాల్పులలో మరికొన్ని ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులలో, డిసెంబరు 19న, ప్రధానమంత్రి నెహ్రూ లోకసభలో ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించారు. మద్రాసు నగరం మినహా, అని అందులో ఒక మాట ఉన్నది.

ఆ మాట బరువును తరువాతి తరాలవారు సరిగా గ్రహించినట్లు తోచదు. మద్రాసులో పుట్టి, మద్రాసులో, ఒక తెలుగు నాయకుని ఇంట ప్రాణాలర్పించిన మనిషి త్యాగానికి ఫలితంగా రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. న్యాయమూర్తి వాంఛూ తన నివేదికలో కొత్త రాష్ట్రపు రాజధానిని కొంతకాలం తాత్కాలికంగా మద్రాసులో ఉంచవచ్చునని సూచించినా అది సాగలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలులో పదకొండు జిల్లాల ఆంధ్ర రాష్ట్రం ప్రారంభమై, ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయ్యారు. తోట బంగళాల నగరం నుండి తరలివచ్చిన ప్రభుత్వ కార్యాలయాలు కర్నూలులో డేరాలలో పనిచేశాయి. ఫైళ్లు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకొన్న గుమాస్తాలకు మైలాపూరు మిద్దెలు జ్ఞాపకం వచ్చి ఉంటాయి.

మద్రాసులో ఉండిపోయిన తెలుగువారు ఒక్కనాటిలో మరొక రాష్ట్రంలోని అల్పసంఖ్యాకులయ్యారు. ఇల్లు మారలేదు, ఇంటి చుట్టూ ఉన్న రాష్ట్రం మారింది. బ్రతుకుతెరువుకై వెళ్లిన తెలుగువారి పరిస్థితి వేరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయి ఉక్కు నగరంలో, సెక్టర్ 6 వంటి కాలనీలలో ఇంటికి పేరు ఉండదు. వీధి నంబరు, క్వార్టరు నంబరు ఉంటాయి. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు పదవీ విరమణతో పోతుందని అక్కడివారికి మొదటే తెలుసు. మైలాపూరువారికి ఆ ముందెరుక లేదు. తమ పెద్దల పేర్లు తగిలించిన ఇళ్లలో ఉంటూనే వారు ప్రవాసాంధ్రులు అయ్యారు.

శ్రీబాగ్ షరతుల విషయం చూస్తే, వాటిలో మొదట నెరవేరినది రాజధాని మాట. రాయలసీమ రాజధానిని కోరుకొన్నది, కర్నూలుకు వచ్చింది. హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో వెలసింది. కాని ఆ ఏర్పాటు ఆయుర్దాయం మూడు సంవత్సరాలే. 1956 నవంబరు 1న తెలంగాణం కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించగా రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. ఆ విలీనానికి ముందు, 1956 ఫిబ్రవరి 20న, మరొక ఒడంబడిక మరొక భవనంలో జరిగింది. నిజాముకోసం లట్యెన్స్ నిర్మించిన ఢిల్లీలోని హైదరాబాదు భవనంలో కుదిరిన ఆ పెద్దమనుషుల ఒప్పందం ఎట్లా పరిణమించిందో 1969 ఉద్యమం, 2014 జూన్ 2 నాటి తెలంగాణ రాష్ట్రావతరణ చెబుతాయి.

విశ్వవిద్యాలయం షరతు చాలా ఆలస్యంగా నెరవేరింది. అనంతపురంలో 1968లో స్నాతకోత్తర కేంద్రం ఏర్పడి, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. సంతకానికి, విశ్వవిద్యాలయానికి నడుమ 44 సంవత్సరాలు గడిచాయి. నీటి షరతు సంగతి మరింత జటిలం. పది సంవత్సరాల ప్రాధాన్యం అన్న మాట ఏ పథకంలోనూ ఆ రూపంలో అమలు కాలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల ఒప్పందంతో తెలుగుగంగ పథకం రూపొంది, శ్రీశైలం నుండి కృష్ణాజలాలు రాయలసీమ, నెల్లూరు నేలల మీదుగా తమిళనాడుకు సాగాయి. 1996లో అవి పూండి జలాశయం చేరాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా అయిదు టి.ఎం.సి.ల చొప్పున తమ వాటానుండి మద్రాసుకు ఇచ్చాయి. అదే సంవత్సరం మద్రాసు పేరు చెన్నై అయింది. ఏ ఊరిలో కూర్చొని కృష్ణానీటిని పంచుకొన్నారో ఆ ఊరికి ఆ నీరు చేరింది. సీమలో ఎన్నో చెరువులు ఇంకా దానికోసం ఎదురుచూస్తున్నవే.

ఒడంబడిక మాత్రం మరణించలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు రాజధానుల శాసనం చేసి, కర్నూలును న్యాయ రాజధానిగా ప్రతిపాదించినపుడు శాసనసభలోను, పత్రికలలోను శ్రీబాగ్ పేరు మారుమ్రోగింది. 2021 నవంబరులో ఆ శాసనం ఉపసంహరించబడింది. ఆ చర్చలో పాల్గొన్నవారందరికీ శ్రీబాగ్ అనేది ఒక షరతు పేరు. అది ఒక ఇంటి పేరనీ, ఆ ఇంట ఒక మాసపత్రికను, ఒక గ్రంథమాలను, ఒక విజ్ఞాన సర్వస్వాన్ని పోషించిన మనిషి నివసించాడనీ ఎవరూ ప్రస్తావించినట్లు లేదు.

రాయపేట హైరోడ్డు గృహాన్ని స్మారక భవనంగా నిలపడంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రమేయం మెచ్చదగినది. ఒక రాష్ట్ర ప్రభుత్వం మరొక రాష్ట్ర రాజధానిలో ఒక ఇంటిని ఈ విధంగా కాపాడుకోవడం తరచు జరిగేది కాదు. శ్రీరాములు గారి జయంతి, వర్ధంతి సందర్భాలలోనే గాక తెలుగు సాహిత్య సభలకు కూడా అది నిలయమైంది, గ్రంథాలయం ఉన్నది. చెన్నైలోని తెలుగువారికి సొంతమని చెప్పుకోదగిన చోట్లలో అదొకటి. ఒక లోపం చెప్పక తప్పదు. శ్రీరాములు పేరు తెలిసిన వందమందిలో సాంబమూర్తి పేరు తెలిసినవారు ఏ కొద్దిమందో. త్యాగానికి కొలబద్దలు లేవు, నిజమే. అయినా దీక్షకు కూర్చొనేందుకు చోటు దొరకని రోజున చోటిచ్చిన మనిషిని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో, అదీ చిరునామాగా మాత్రమే, పేర్కొని ఊరుకోవడం సమంజసం కాదు.

సాంబమూర్తి గారు ఆంధ్ర రాష్ట్రంలో ఏ పదవినీ పొందలేదు. ఒకప్పుడు కాకినాడ న్యాయవాదులలో అగ్రగణ్యులైన ఆయన చివరి సంవత్సరాలు లేమిలో గడిచాయి. 1958 ఫిబ్రవరి 2న మరణించారు. అప్పటికి ఆయన ఇంట పుట్టిన రాష్ట్రం పేరు మారి, రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు చేరి పదిహేను మాసాలయింది.